ఆన్సీ ఊరి బొమ్మల జాతర: కూలికి పోయిన తాత తెర మీదికి ఎట్లా వచ్చాడు

పోయిన ఎపిసోడ్ విన్నాక చాలామంది వాయిస్ మెసేజీలు పెట్టారు. అందులో ఒక తమ్ముడు సూటిగానే అడిగాడు: "అన్నా, వీసాలు, జీతాలు, మన బతుకుల గురించి మాట్లాడేటోనివి, చిన్నపిల్లల కార్టూన్ల మీద పడ్డవేంది?" అడగాల్సిన ప్రశ్నే. నలభై నిమిషాల్లో సగం సేపు నేను ఊళ్ళ పేర్లు పలకడానికే తడబడ్డాను. అందుకే వదిలేసినవి, తొందరలో కలగాపులగం చేసినవి ఇక్కడ వరుసగా రాస్తున్నా. శుక్రవారం తీరిగ్గా చదువుకోండి.

నన్ను ఈ విషయంలోకి లాగింది ఒక సినిమా పేరు. "కుక్కలకు, ఇటలీవాళ్ళకు ప్రవేశం లేదు." ఫ్రెంచిలో తీసిన బొమ్మల సినిమా అది, నిడివి గంటా పది నిమిషాలు. 2022 జూన్‌లో ఫ్రాన్స్‌లోని ఆన్సీ అనే ఊళ్ళో జరిగిన అంతర్జాతీయ యానిమేషన్ సినిమా పండుగలో దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. అదే ఏడాది చివర్లో యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ యానిమేషన్ సినిమాగా కూడా ఎంపికైంది. ఆ పేరు చూడగానే నాకు మొదట వచ్చిన ఆలోచన, ఇటలీవాళ్ళు కూడా కూలికి పోయేవాళ్ళా అని. మనకు తెలిసిన ఇటలీ అంటే ఖరీదైన బూట్లు, కార్లు, సినిమా పాటల షూటింగులు. ఆ మాటకొస్తా. ముందు ఊరి సంగతి.

ఆన్సీ ఆల్ప్స్ కొండల మధ్య పెద్ద చెరువు ఒడ్డున ఉంటుంది. చెరువు అని నేను అలవాటుగా అంటున్నా, సరస్సు అనాలి. స్విట్జర్లాండ్‌లోని జెనీవా అక్కడికి దగ్గరే. ఆ ప్రాంతం పేరు సవోయ్. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది కానీ 1860 దాకా ఫ్రాన్స్‌లో లేదు. కొండకు అవతల ఉన్న పీడ్మాంట్, ఇవతల ఉన్న సవోయ్, రెండూ ఒకే రాజు కింద ఉండేవి. ఇటలీ ఒక దేశంగా ఏకమయ్యే రోజుల్లో, ఫ్రాన్స్ చేసిన సాయానికి బదులుగా ఆ రాజు సవోయ్‌ని వాళ్ళకిచ్చాడు. అట్లా కొండ మీద కొత్త సరిహద్దు గీత పడింది. నిన్నటిదాకా ఒకే రాజ్యం మనుషులు, తెల్లారేసరికి ఒకరికొకరు విదేశీయులు.

ఇంకో సంగతి. ఈ సవోయ్‌వాళ్ళు కూడా ఒకప్పుడు నిరుపేదలే. చలికాలం కొండల మీద పని ఉండేది కాదు. పిల్లల్ని ప్యారిస్‌కు, ఇంకా దూరపు పట్నాలకు పంపేవాళ్ళు. ఇళ్ళ పొగగొట్టాల్లోకి దూరి మసి గోకే పని వాళ్ళది. గొట్టం ఇరుకు కాబట్టి చిన్న ఒళ్ళు కావాలి, అందుకని పిల్లలు. ఫ్రాన్స్‌లో చాలాకాలం "సవోయ్ పిల్లోడు" అంటే మసి తుడిచే పిల్లోడనే అర్థం. ఇవాళ ఆ ఊరి అద్దెలు వింటే గుండె ఆగుతుంది, అది వేరే విషయం.

ఇగ పండుగ దగ్గరికి వద్దాం. 1956లో కాన్ సినిమా పండుగ పక్కనే, యానిమేషన్ సినిమాల కోసం విడిగా కొన్ని రోజులు కేటాయించారు. పియెర్ బార్బాన్, ఆంద్రే మార్తాన్ లాంటి సినిమా పిచ్చోళ్ళు దాని వెనక ఉన్నారు. మన సత్యజిత్ రాయ్ తీసిన పథేర్ పాంచాలికి కాన్‌లో బహుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే. బొమ్మలవాళ్ళ బాధ ఏంటంటే, వాళ్ళ సినిమాలను అసలు సినిమాకు ముందు వేసే ఉప్పు-కారం లెక్కన చూసేవాళ్ళు. ఐదు నిమిషాల బొమ్మ, జనం సీట్లు వెతుక్కునేసరికి అయిపోయేది. కాన్‌లో పెద్ద తారల హడావుడి మధ్య వీళ్ళని పట్టించుకునేవాళ్ళు తక్కువ. దాంతో 1960లో ఆన్సీకి మకాం మార్చారు. అక్కడ సినిమా క్లబ్బు ఒకటి చురుగ్గా నడుస్తుండేది, ఊరు ఆదరించింది. సరిహద్దు గీత పడిన సరిగ్గా నూరేళ్ళకు అన్నమాట. ఇది నేను కలిపిన లెక్క, వాళ్ళు అనుకుని చేసింది కాదు.

ఆ మొదటి ఏడాది పెద్ద బహుమతి చెకోస్లోవేకియాకు చెందిన బ్రెటిస్లావ్ పోయార్ తీసిన "సింహమూ పాటా" అనే తోలుబొమ్మల్లాంటి కీళ్ళబొమ్మల సినిమాకు దక్కింది. ఇక్కడ ఆగి ఆ రోజులు గుర్తు చేసుకోవాలి. అమెరికా ఒకవైపు, సోవియట్ రష్యా ఒకవైపు, మధ్యలో ఇనుప గోడ. ప్రేగ్‌లో బొమ్మ చేసేవాడు, లండన్‌లో బొమ్మ గీసేవాడు ఒకరి పని ఒకరు చూసే దారే తక్కువ. ఆన్సీ వాళ్ళకు ఆ దారి ఇచ్చింది. యానిమేషన్ కళాకారుల అంతర్జాతీయ సంఘం ఆసిఫా పుట్టింది కూడా అక్కడే, ఆ రోజుల్లోనే. దాని మొదటి అధ్యక్షుడు కెనడాలో స్థిరపడ్డ స్కాట్లాండ్ మనిషి నార్మన్ మెక్‌లారెన్. ఆయన 1952లో "పక్కింటోళ్ళు" అనే చిన్న సినిమా తీశాడు. రెండిళ్ళ మధ్య గడ్డి మీద ఒక పువ్వు పూస్తుంది, అది నాదంటే నాదని ఇద్దరు కొట్టుకుని చస్తారు. నిజం మనుషులనే బొమ్మల్లా ఒక్కో ఫ్రేము కదిలిస్తూ తీశాడు. మాట ఒక్కటీ ఉండదు. మా రూములో ఒక కేరళ అన్న, ఒక నేపాల్ తమ్ముడు, నేను కలిసి చూశాం, ఎవరికీ అనువాదం అవసరం పడలేదు. ఆస్కార్ కూడా వచ్చింది. ఆ తర్వాత 1953లో యునెస్కో తరఫున మెక్‌లారెన్ ఇండియాకి వచ్చి పనిచేశాడు.

మన దేశంలో ఈ విద్య నేర్పే పని కూడా ఆ దశకంలోనే గట్టిగా మొదలైంది. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి కుర్రాళ్ళకు నేర్పాడు. జాతక కథ ఆధారంగా "ది బనియన్ డీర్" అనే సినిమా 1957లో వచ్చింది. ఆయన దగ్గర నేర్చుకున్న రామ్ మోహన్ ఆ తర్వాత దేశం మొత్తానికి ఈ విద్యలో గురువయ్యాడు.

ఆన్సీ పండుగ చాలాకాలం దాదాపు రెండేళ్ళకోసారి జరిగేది. 1985లో దాని పక్కనే మీఫా అనే సంత పెట్టారు. సంత అంటే సంతే. టీవీ కంపెనీలు, నిర్మాతలు, స్టూడియోలు బల్లలు వేసుకుని కూర్చుంటారు. "నా దగ్గర కథ ఉంది, నీ దగ్గర గీసేవాళ్ళున్నారా, నిమిషానికి ఎంత తీసుకుంటావ్" ఇదీ బేరం. 1998 నుంచి పండుగ ఏటా జరుగుతోంది, జూన్‌లో ఒక వారం. ఈమధ్య ఏళ్ళలో పాసు తీసుకుని వచ్చేవాళ్ళే 15 వేలు దాటారు.

ప్రోగ్రాం ఎట్లా ఉంటుందో కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే కథంతా అందులోనే ఉంది. ఏటా 3 వేలకు పైగా సినిమాలు పోటీకి వస్తాయి. వాటిని చూసి, వడకట్టి, కొన్ని చిన్న సినిమాలను కలిపి గంట, గంటన్నర కట్టలుగా కడతారు. పెద్ద సినిమాల పోటీ వేరు. కొత్త దారి తొక్కే పెద్ద సినిమాలకు 2019 నుంచి "కాంత్రషాం" అని ఇంకో విభాగం పెట్టారు. కాలేజీ పిల్లలు చదువు చివర్లో చేసిన సినిమాలకు విడిగా పోటీ. టీవీ ఎపిసోడ్లకు, యాడ్లకు కూడా ఉంది. ఇంకా పూర్తికాని సినిమాలను సగం గీసిన బొమ్మలతోనే చూపించి ఎట్లా చేస్తున్నారో చెప్పించే సభలు ఉంటాయి, వాటికే ఎక్కువ తోపులాట అంటారు. చాలా ఏళ్ళు ఒక దేశాన్నో ప్రాంతాన్నో ఎంచుకుని గౌరవిస్తారు. 2018లో బ్రెజిల్, 2021లో ఆఫ్రికా, 2023లో మెక్సికో, 2024లో పోర్చుగల్. రాత్రి అయితే చెరువు గట్టున పాకియే అనే పెద్ద మైదానంలో తెర కట్టి ఊరందరికీ ఉచితంగా వేస్తారు. చాపలు, దుప్పట్లు తెచ్చుకుని గడ్డి మీద పడుకుని చూస్తారు. మన ఊళ్ళలో పండుగకు తెల్లబట్ట కట్టి వేసిన సినిమా గుర్తొచ్చింది నాకు. తెర వెనక కూర్చుంటే ఎన్టీఆర్ ఎడమ చేత్తో కత్తి పట్టేవాడు, అదే తేడా.

హాల్లో ఇంకో సరదా ఉంది. సినిమా మొదలయ్యేలోపు జనం కాగితంతో విమానాలు చేసి స్టేజీ మీదికి విసురుతారు. విమానం స్టేజీ దాకా చేరితే హాలంతా చప్పట్లు, మధ్యలో కూలిపోతే అయ్యో అని మూలుగు. తెర మీద కుందేలు కనిపిస్తే అందరూ కలిసి "కుందేలు!" అని ఫ్రెంచిలో అరుస్తారు. పెద్ద పెద్ద డైరెక్టర్లు, చదువుకునే పిల్లలు, అందరూ.

బహుమతుల వరుస చూస్తే ఈ పండుగ ఏ కథల వైపు మొగ్గుతూ వచ్చిందో తెలుస్తుంది. 1993లో జపాన్ మియాజాకి తీసిన "పోర్కో రోసో", 1995లో తకహాతా తీసిన "పోం పోకో" గెలిచాయి. తర్వాత తర్వాత యుద్ధం, పారిపోవడం, పరాయి దేశం, ఇవి ఎక్కువయ్యాయి. 2018లో గెలిచిన "ఫునాన్" కంబోడియాలో ఖ్మేర్ రూజ్ కాలంలో కొడుకు నుంచి విడిపోయిన తల్లి కథ. 2021లో గెలిచిన "ఫ్లీ" అఫ్గానిస్తాన్ నుంచి పారిపోయి, పిల్లవాడిగా ఒంటరిగా డెన్మార్క్ చేరినవాడి నిజం కథ. అతని మొహం, పేరు బయటపెట్టకుండా కథ చెప్పాలి, కెమెరాతో అది కాదు. బొమ్మ గీస్తే మనిషి దాగుతాడు, జరిగింది మాత్రం దాగదు. మన దగ్గర ఎందరు ఇట్లా ఉన్నారో ఆలోచించండి. వాయిస్ మెసేజీ పెట్టి "అన్నా, నా పేరు, కంపెనీ పేరు చెప్పకు" అని బతిమిలాడేవాళ్ళే మాకు సగం.

2019లో గెలిచింది జెరెమీ క్లాపాన్ తీసిన "ఐ లాస్ట్ మై బాడీ". ఇది మీరు తప్పకుండా చూడాలి. నౌఫెల్ అని ఒక కుర్రాడు, పుట్టింది మొరాకోలో. అమ్మానాన్నలు పోయాక ప్యారిస్‌లో బంధువు ఇంట్లో పడి ఉంటాడు. పిజ్జాలు మోస్తాడు, ఆలస్యమైతే తిట్లు తింటాడు. తర్వాత వడ్రంగి పనిలో చేరతాడు, రంపం మీద చెయ్యి పోతుంది. తెగిన ఆ చెయ్యి ఊరంతా పాక్కుంటూ తన మనిషిని వెతుక్కుంటూ పోవడమే సినిమా. చెప్తే భయంగా ఉంటుంది, చూస్తే కళ్ళు తడుస్తాయి. నేను ఎనిమిదేళ్ళ కింద పనిచేసిన ఒక వర్క్‌షాపులో గోదావరి జిల్లా అన్న ఒకాయన కట్టర్ మీద రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. ఫైలు ముట్టేదాకా కూడా ఆగలేదు, టికెట్ తీసి ఎక్కించారు. ఇంటికి పోయాక ఫోన్ చేసి, "తమ్ముడూ, లేని వేలు దురద పెడుతుందిరా" అన్నాడు. సినిమా చూస్తున్నంతసేపూ ఆ మాటే.

సరే, ఇటలీవాళ్ళ సినిమా దగ్గరికి తిరిగి వస్తా.

తీసినాయన పేరు అలాన్ ఉగెట్టో, 1950లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. ఆయన తాత లుయిజీ, నానమ్మ చెజీరా పీడ్మాంట్ కొండల మనుషులు. ఊరి పేరు ఉగెట్టెరా, అంటే ఉగెట్టోల నేల. నేల వాళ్ళ పేరు మీద ఉంది గానీ ఆ నేల కడుపు నింపలేదు. తాత, ఆయన అన్నదమ్ములు మంచు కొండ నడిచి దాటి ఫ్రాన్స్‌కు పనికి పోయేవాళ్ళు. సొరంగాలు తవ్వడం, రోడ్లు వేయడం, రాళ్ళు మోయడం. ఒక్కరిద్దరి కథ కాదిది. 1876 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా కోటి మందికి పైగా ఇటలీ నుంచి పొట్టకూటి కోసం బయటికి పోయారు, ఫ్రాన్స్, అమెరికా, అర్జెంటీనా, బ్రెజిల్. స్విట్జర్లాండ్-ఇటలీ మధ్య కొండ కింద సింప్లాన్ రైలు సొరంగం 1898లో మొదలుపెట్టి 1906లో తెరిచారు, దాన్ని తవ్వినవాళ్ళలో ఎక్కువ మంది ఇటలీ కూలీలే. మర్యాద మాత్రం దక్కలేదు. 1893 ఆగస్టులో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఏగ్-మోర్ట్ ఉప్పు మడుల దగ్గర, "మా పని లాక్కుంటున్నారు, తక్కువ కూలికి వస్తున్నారు" అని స్థానిక జనం ఇటలీ కూలీల మీద పడి కనీసం 8 మందిని చంపారు. చంపినవాళ్ళను కోర్టు వదిలేసింది. "తక్కువ కూలికి వస్తున్నారు" అన్న మాట మనం ఏ భాషలో విన్నా గుర్తుపడతాం గదా.

ఉగెట్టోకు వచ్చిన చిక్కు ఏంటంటే, కథ చెప్పడానికి సాక్ష్యం లేదు. ఊరికి పోయి చూస్తే శిథిలాలు. పేదవాళ్ళ ఇంట్లో కాగితాలు, డైరీలు ఉండవు, ఫొటోలు ఒకటో రెండో. నానమ్మ ఎప్పుడో పోయింది. అప్పుడు ఆయన ఏం చేశాడంటే, ఆ నేల మీద దొరికేవే పట్టుకొచ్చి వాటితో ఊరు కట్టాడు. బొగ్గు, గుమ్మడికాయలు, చెస్ట్‌నట్ కాయలు. బ్రోకలీ పువ్వులు చెట్లయ్యాయి. చక్కెర దిమ్మలు ఇటుకలయ్యాయి. ఆ మధ్య చిన్న కీళ్ళబొమ్మలుగా తాత, నానమ్మ, పిల్లలు. నానమ్మ బొమ్మకు ఆరియాన్ అస్కారీడ్ అనే నటి గొంతిచ్చింది. మనవడు అడుగుతుంటే నానమ్మ చెబుతుంది, కథ నడిచేది అట్లా. అన్నిటికంటే నాకు నచ్చింది, మధ్యమధ్యలో మనవడి నిజమైన చెయ్యి, ఇంత పెద్ద మనిషి చెయ్యి, ఫ్రేములోకి వస్తుంది. బొమ్మల సినిమాలో చెయ్యి కనబడకుండా దాచడమే పనితనం అంటారు. ఈయన దాచలేదు. చేతిపని తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి తనకు వచ్చిన ఆస్తి కాబట్టి చూపించాడు.

ఆ పని ఎంతో లెక్క వేద్దాం. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో భంగిమను రెండు ఫ్రేములు వాడుకున్నా సెకనుకు 12 సార్లు బొమ్మను ఇంత ఇంత కదపాలి. అట్లా 70 నిమిషాల సినిమాకు 50 వేలకు పైగా కదలికలు. ఫ్రేములో నలుగురు ఉంటే నాలుగింతలు. రోజంతా వంగి చేస్తే చేతికొచ్చేది కొన్ని సెకన్లు. నాకది మా సిరిసిల్ల నేత పనిలాగే అనిపించింది.

అదే సినిమాను జూన్‌లో ఆన్సీలో వేశారు. ఒకప్పుడు పీడ్మాంట్‌తో ఒకే రాజ్యంగా ఉన్న ఊరు, తన పిల్లల్నే మసి తుడవడానికి పంపిన ప్రాంతం, ఇటలీ కూలీలు కొండ దాటి దిగిన వైపు. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎందరి తాతలు ఏ వైపువాళ్ళో ఎవరికి తెలుసు.

ఇక మన వాటా. ఇండియా నుంచి ఉపమన్యు భట్టాచార్య, కల్ప్ సంఘ్వీ తీసిన "వేడ్" అనే చిన్న సినిమాకు 2020లో ఆన్సీ నగర బహుమతి వచ్చింది. సముద్రం పొంగి మునిగిన కలకత్తా, అందులో నడుములోతు నీళ్ళలో దారి వెతుక్కునే జనం, వాళ్ళ వెనక పులులు. ఆ ఏడాది కరోనా వల్ల పండుగ మొత్తం ఆన్‌లైన్‌లోనే జరిగింది, కాగితపు విమానాలు లేవు.

హైదరాబాద్‌ది వేరే దారి. గ్రీన్ గోల్డ్ స్టూడియో నుంచి రాజీవ్ చిలక చేసిన ఛోటా భీమ్ 2008లో టీవీలోకి వచ్చింది, మన పిల్లలకు చుట్టం అయిపోయాడు. వీడియో కాల్‌లో బిడ్డ మొహం చూద్దామనుకుంటే, ఫోన్ వెనక భీమ్ లడ్డూ తినే చప్పుడే వినబడుతుందని మా క్యాంపులో ఒక అన్న నవ్వుతూ బాధపడేవాడు. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ అయితే ఫ్రెంచి కంపెనీల భాగస్వామ్యంతో "ది జంగిల్ బుక్", "ది లిటిల్ ప్రిన్స్" లాంటి సీరియళ్ళు చేసింది. ఇట్లాంటి ఒప్పందాలు కుదిరేది మీఫా లాంటి సంతల్లోనే. అక్కడ కథ రాసినవాడి పేరు ముందు వస్తుంది. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో బొమ్మ కదిలించిన పిల్లల పేర్లు చివర్లో సర్రున పైకి పోతాయి, అదీ చూసేవాడు టీవీ ఆపకపోతే. మనుషులు వీసా మీద పోతారు, పని ఇంటర్నెట్ మీద పోతుంది. కూలి లెక్క మాత్రం ఒకటే: ఇక్కడైతే తక్కువకు అవుతుంది. నేను తప్పు పట్టడం లేదు, ఆ పని వల్ల వేల ఇళ్ళు గడిచాయి. కానీ ఇన్నేళ్ళు ఊరి వాళ్ళ బొమ్మలు కదిపిన చేతులు తమ తాత బొమ్మ ఎప్పుడు చేస్తాయా అని నాకు ఎదురుచూపు.

ఎందుకంటే మా తాత సిరిసిల్ల నుంచి భివండీ పోయి సాంచెలు నడిపాడు. పద్మశాలి ఇళ్ళలో ఇది కొత్త కథ కాదు, భివండీ, షోలాపూర్, బొంబాయి, సూరత్ అంతటా మనవాళ్ళే. తాత గురించి నాకు తెలిసినవి మూడు: దూది ధూళికి దగ్గేవాడు, మరాఠీలో తిట్టేవాడు, శనివారం మాంసం ముట్టేవాడు కాదు. ఫొటో ఒక్కటే, రేషన్ కార్డుది, అందులో సగం మొహం మీద ముద్ర పడింది. ఆయన ఉన్న ఖోలీ ఎట్లా ఉండేదో, ఎంతమంది పడుకునేవారో, మొదటి జీతం ఎంతో, అడిగే వయసు నాకు వచ్చేసరికి ఆయన లేడు. సినిమా చూసిన రాత్రి మా మేనత్తకు ఫోన్ చేశాను. "అత్తా, తాత వస్తువులు ఏమన్నా ఉన్నయా?" అని. "ఏముంటయ్ బిడ్డా, ఇల్లు మారినప్పుడు అన్నీ పాతసామానోనికి ఏసినం" అంది. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ తనే చేసింది. అటక మీద రేకుపెట్టెలో ఒక నాడె ఉందట. నేతలో పోగు మోసుకుని అటూ ఇటూ పోయే చెక్క నాడె. ఒక మూల అరిగిపోయి ఉంది, తాత బొటనవేలు పట్టే చోటు అది అని అత్త చెప్పింది.

వచ్చే ఎపిసోడ్‌కు మీ నుంచి కావాల్సింది ఇదే. మీకంటే ముందు మీ ఇంట్లో పనికోసం ఊరు దాటినవాళ్ళు ఎవరు, బొంబాయా, రంగూనా, బస్రానా, వాళ్ళది ఇంట్లో ఇంకా మిగిలిన వస్తువు ఏంటి? ఇంటికి ఫోన్ చేసి అడగండి, ముఖ్యంగా అత్తల్ని, అమ్మమ్మల్ని. అక్కలూ, మీరు కూడా పెట్టండి, పోయినసారి ఆడవాళ్ళ మెసేజీలు రెండే వచ్చాయి. రెండు నిమిషాలు దాటకుండా వాయిస్ పంపితే చాలు, పేరు చెప్పొద్దంటే చెప్పం. నాడె ఫొటో అత్త కొడుకు పంపిస్తానన్నాడు, అటక ఎక్కడానికి నిచ్చెన దొరకలేదట, వచ్చాక ఇక్కడే పెడతా.